ఎండిన మడుగును చూసి మోటారు పెట్టకు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఒకప్పుడు పూడ్చి సాగు చేసిన నేలను మళ్లీ చిత్తడిగా మార్చి, అందులో మడుగులు తవ్వించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. అప్పటి నుండి నాకు సంతోషంతో సగం, దిగులుతో సగం నిద్ర పట్టడం లేదు. ఒడ్లు వాలుగా ఉండాలని, లోతు అంతటా ఒకేలా ఉండరాదని నీకు తెలుసు. వాటి గురించి వ్రాయను. పైమట్టిని గీకి పారవేయించే ముందు మాత్రం ఆగు. పాత చిత్తడి మొక్కల విత్తనాలు ఇంకా మిగిలి ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటాయి. డార్విన్ ఒక చిన్న కుంటలో మూడు పెద్ద చెంచాల బురద తీసి, ఆరు నెలలు తన గదిలో ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెడితే 537 తేలాయి. అయితే ఏళ్ల తరబడి ఎరువులు వేసిన పైమట్టిలో భాస్వరం కూడా పేరుకుని ఉంటుంది. అది నీటిలోకి దిగితే నాచు కమ్ముతుంది. కాబట్టి ముందే నాలుగు చోట్ల మట్టి తీసి, తొట్లలో తడిపి, ఏం మొలుస్తుందో చూసుకో.

ఇక నా తప్పు. నేను తవ్వించిన మడుగు మొదటి వేసవిలోనే ఎండి బీటలు వారింది. చూడవచ్చినవారు "దీనికోసమా ఇంత తవ్వారు?" అన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ బురద మీద అప్పటికే గోరంత తుంగ మొలకలు దట్టంగా లేచి ఉన్నాయి. వంగి చూస్తే కనబడేవి, నేను వంగలేదు. మోటారు పెట్టించి జానెడు నీళ్లు నింపి, వేసవి పొడవునా ఆ మట్టం తగ్గకుండా కాపలా కాశాను. మొలకలు మునిగి కుళ్లిపోయాయి. జమ్ముకు అంతకంటే కావలసినదేముంది! ఒక్క కంకిలో రెండు లక్షలకు పైగా విత్తనాలు ఉండగలవు. దూదిలా గాలికి వచ్చి పడి, పలుచని నీటి కింద ప్రాణవాయువు అంతంతమాత్రంగా ఉన్న బురదలోనూ మొలుస్తాయి. రెండో ఏడు ఆ కత్తుల వంటి ఆకులు అక్కడక్కడ లేస్తే మురిసిపోయాను కూడా. నాలుగో ఏటికి ఒడ్డున నిలబడితే నీరు కనబడలేదు. నీటికి పైన కోయించాను. నెల తిరగకముందే మళ్లీ లేచింది. ఎండిన మోడు సైతం గొట్టంలా గాలిని వేళ్లకు చేరవేస్తుందని, నీటి అడుగున కోసి, మోళ్లు మునిగే ఉండేలా చూస్తేనే దుంపలకు ఊపిరాడదని తెలియడానికి మరో రెండేళ్లు పట్టింది. నా మోకాళ్లు ఆ జమ్ములోనే పోయాయని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

చిత్తడి మొక్కలలో ఏవి నిలుస్తాయో, ఏవి పోతాయో నీటిమట్టం జల్లెడలా వేరు చేస్తుందని చిత్తడి నేలల శాస్త్రవేత్త వాన్ డెర్ వాల్క్ 1981లో వివరించాడు. నీరు తీసినప్పుడు తుంగలు, ఒక్క ఏడాదితో ముగిసే చిన్న మొక్కలు మొలుస్తాయి. నిండినప్పుడు మునిగి పెరిగేవి వస్తాయి. వాటిలో కారా అనే, మొక్కలా కనబడే ఒక రకం నాచు చాలాచోట్ల ముందే దిగుతుంది. చేతిలోకి తీసుకుంటే సున్నం పట్టి గరగరలాడుతుంది, నలిపితే వెల్లుల్లి వంటి ఘాటు వాసన వేస్తుంది. దానిని నీటిని కమ్మే మామూలు నాచని పీకించకు. అడుగు బురదను పట్టి ఉంచి నీటిని తేటగా నిలిపేది అదే. తరువాతి ఏళ్లలో అది తగ్గి, వేళ్లూనే మొక్కలు దాని చోటు తీసుకుంటే కంగారుపడకు.

వేరే చెరువు నుండి కలువలు తెచ్చి నాటుదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. వాటి వేళ్లలో చిక్కుకుని గుర్రపు డెక్క పిలక ఒక్కటి వచ్చినా చాలు, మడుగంతా దానిదే అవుతుంది. ఇది నా భయమే అనుకో, అయినా వినాలి.

గీతలు గీసిన కర్ర ఒకటి పాతి, వారానికోసారి మట్టం వ్రాసుకో. బురద ఆరగానే మోకాళ్ల మీద కూర్చుని, ఏ మొలక ముందు వచ్చిందో చూసి నాకు వ్రాయి. ఒంటరిగా మాత్రం దిగకు తల్లీ. ఆ బురద నడుము దాకా లాగుతుంది, నీకు ఈత వచ్చినంత మాత్రాన వదలదు.