ఏటీఎఫ్‌టీపీడీ ఆగిపోయే లోపం: లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే ఉన్న బూట్ సర్వర్‌కు కూడా ప్రమాదమేనా?

కాలేజీ ల్యాబ్‌లో డిస్కులు లేని కంప్యూటర్లను ఏటీఎఫ్‌టీపీడీ (టీఎఫ్‌టీపీ అనే సులువైన ఫైలు బదిలీ పద్ధతిలో బూట్ ఫైళ్లను అందించే సర్వర్ ప్రోగ్రాం) ద్వారా బూట్ చేస్తున్నామని, బయటి ఇంటర్నెట్‌కు కనిపించని ఆ సర్వర్‌కు సీవీఈ-2020-6097 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం వల్ల ప్రమాదం ఉంటుందా అని మీరు అడిగారు. ఉంటుంది. అమలాపురంలో నేను చూసుకున్న ల్యాబ్‌లో ఆ లోపం వల్లే ఒక పూట క్లాసులు ఆగిపోయాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

వానాకాలంలో ఒక రోజు పొద్దున్నే పది నిమిషాలు కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ ఉండడంతో సర్వర్ ఆగలేదు గాని, ల్యాబ్‌లోని నలభై కంప్యూటర్లూ ఒక్కసారిగా మొదలై ‘పీఎక్స్‌ఈ-ఈ32: టీఎఫ్‌టీపీ ఓపెన్ టైమౌట్’ (బూట్ ఫైలు అడిగితే సర్వర్ నుంచి జవాబు రాలేదు) అన్న వరుస దగ్గర నిలిచిపోయాయి. ప్రతి తెర మీదా, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సేవ ఇచ్చిన ఐపీ చిరునామా కనిపిస్తూనే ఉంది, సర్వర్ పింగ్‌కు పలుకుతూనే ఉంది. అయినా మేము గంటసేపు స్విచ్‌నూ కేబుళ్లనూ అనుమానించాం. చివరకు లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ జర్నల్ (లాగ్) తెరిస్తే, ముందు రోజు సాయంత్రం వేళతో ‘స్టేటస్=6/ఏబీఆర్‌టీ’ అని, అంటే ఏటీఎఫ్‌టీపీడీ అర్ధాంతరంగా ఆగిపోయిందని కనిపించింది. బూట్ అయిపోయిన కంప్యూటర్లకు టీఎఫ్‌టీపీతో మళ్లీ పని పడదు కాబట్టి, అది ఆగిన సంగతి కరెంటు పోయేదాకా ఎవరికీ తెలియలేదు. ఈ లోపాన్ని పరీక్షించే ప్రోగ్రాంను మా సర్వర్ మీద నడిపి చూశానని పక్క ల్యాబ్ విద్యార్థి ఒకరు తర్వాత తానే వచ్చి చెప్పాడు.

ఒకే ఫైలును ఎన్నో కంప్యూటర్లకు కలిపి పంపడానికి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2090 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం టీఎఫ్‌టీపీకి మల్టీకాస్ట్ ఆప్షన్‌ను చేర్చింది. ఆ ఆప్షన్‌తో కూడిన రీడ్ రిక్వెస్టులను (ఫైలు పంపమనే అభ్యర్థనలను) ఒక ప్రత్యేక వరుసలో పంపితే పాత ఏటీఎఫ్‌టీపీడీలోని అసర్ట్ (తప్పితే ప్రోగ్రాంనే ఆపేసే తనిఖీ) విఫలమై, ఆ ఒక్క అభ్యర్థన కాక వెనక నడిచే మొత్తం డెమన్ ప్రోగ్రాం ఆగిపోతుంది. టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ అనేదే లేదు కనుక, అది వాడే యూడీపీ 69వ పోర్టుకు ప్యాకెట్ చేర్చగలిగిన ఎవరైనా ఈ పని చేయగలరు. యూడీపీ ప్యాకెట్‌లో పంపినవారి చిరునామాను కూడా తప్పుగా పెట్టవచ్చు. అందుకే సర్వర్‌లోని ఫైర్‌వాల్‌లో ఐపీల జాబితా పెట్టి ఊరుకుంటే చాలదు.

ముందుగా మీ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన సవరణను వేయండి, మల్టీకాస్ట్ వాడకపోతే ‘--నో-మల్టీకాస్ట్’తో దాన్ని ఆపేయండి. నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం బూట్ నెట్‌వర్క్‌ను వేరే వీలాన్‌లో (స్విచ్‌లోనే విడగొట్టిన నెట్‌వర్క్‌లో) పెట్టి, ల్యాప్‌టాప్‌లు తగిలించే పోర్టులకు అందులోకి దారి లేకుండా స్విచ్ దగ్గరే ఆపడం. సేవ పడిపోతే సిస్టమ్‌డీ మళ్లీ లేపేలా పెట్టుకోవచ్చు, కాని దాని మీద పూర్తిగా ఆధారపడకండి: మామూలు అమరికలో పది సెకన్లలో ఐదుసార్లు మొదలైన సేవను అది ఇక లేపదు, కాబట్టి అదే దాడి వెంటవెంటనే వస్తే సర్వర్ మళ్లీ మూగబోతుంది.

‘పింగ్ వస్తోంది’ అన్న తనిఖీని కూడా మేము తీసేశాం. ఇప్పుడు ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్ ప్రతి పది నిమిషాలకూ సర్వర్ నుంచి బూట్ ఫైలును నిజంగానే తెచ్చుకుని, దాని సైజు సరిపోకపోతే నా ఫోనుకు మెసేజ్ పంపుతుంది.