ఒస్తూనిలో రాత్రి ఉండాలా, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే చాలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: అమ్మానాన్నల్ని తీసుకుని దక్షిణ ఇటలీలోని బారి నగరంలో దిగుతున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి, పూర్తి వెజిటేరియన్లు, కారు తీసుకోవాలా వద్దా ఇంకా తేలలేదు, ఆ తెల్ల ఊరు ఒస్తూని ఒక్క పూటలో చూసేయొచ్చా అని. చూసేయొచ్చండి, ఊరు చిన్నదే, పాత భాగం అయితే గంటన్నరలో చుట్టేస్తారు. కానీ నా మాట వింటే ఒక రాత్రి ఉండండి. నేను జర్మనీలో ఉంటాను, మా అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చినప్పుడు సెప్టెంబర్ చివర్లో వాళ్ళని తీసుకెళ్ళాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

ఎందుకు ఉండమంటున్నానంటే డే ట్రిప్ వాళ్ళంతా వచ్చేది పదకొండు నుంచి నాలుగు మధ్యలో, సరిగ్గా ఆ టైంకే ఊరు పనికిరాదు. ఒంటి గంట దాటితే చిన్న షాపులన్నీ మూసేస్తారు, మళ్ళీ తెరిచేది నాలుగున్నరకో ఐదుకో, చర్చిలు కూడా చాలావరకు మధ్యాహ్నం మూసే ఉంటాయి, పైన ఎండ, చుట్టూ తెల్ల గోడలు, కళ్ళు తెరవలేం. మా నాన్న అయితే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని కూడా చెయ్యి అడ్డం పెట్టుకునే నడిచారు. అదే ఊరు పొద్దున ఏడున్నరకి చూడండి, సందుల్లో మనుషులే ఉండరు, ఎవరో ఒక పెద్దావిడ గుమ్మం ముందు నీళ్ళు కొట్టి తుడుస్తూ ఉంటుంది, గోడ మీద ఒక పిల్లి, అంతే. సాయంత్రం ఆరు తర్వాత ఇంకో ఊరు అయిపోతుంది, పియాజ్జా దెల్లా లిబెర్తా అని కింద పెద్ద కూడలి ఉంది కదా, ఊరంతా మంచి బట్టలేసుకుని అక్కడికి దిగుతారు, పని ఏమీ ఉండదు, అటు నాలుగు అడుగులు ఇటు నాలుగు అడుగులు, మాటలు, ఐస్ క్రీములు. మా అమ్మకి మొత్తం ఇటలీ ట్రిప్పులో నచ్చింది ఏంటని అడిగితే ఆ కూడలి మెట్ల మీద కూర్చుని జనాన్ని చూసిన సాయంత్రమే చెప్తుంది, రోమ్ కాదు వెనిస్ కాదు.

ఆ కూడలిలోనే ఎత్తుగా ఒక రాతి స్తంభం ఉంటుంది, పైన సంత్ ఒరోంజొ విగ్రహం, 1771లో కట్టింది. 1656-57లో నేపుల్స్ రాజ్యం మొత్తం ప్లేగుతో అల్లాడిపోతే ఈ ఊరిని కాపాడింది ఆ సెయింటే అని వీళ్ళ నమ్మకం. ఇంకో కథ ఏంటంటే గోడలకి సున్నం కొట్టడం వల్ల రోగం అంతగా పాకలేదని. సున్నమో సెయింటో నాకు తెలీదు కానీ ఊరి వాళ్ళు ఇద్దరికీ క్రెడిట్ ఇస్తారు. అసలు సున్నం అలవాటు అంతకు ముందు నుంచే ఉంది, కారణం సింపుల్, ఆ ప్రాంతం అంతా సున్నపురాయి కొండలే కాబట్టి సున్నం చవక, పైగా సందులు ఎంత ఇరుకంటే పైనుంచి వచ్చే కాస్త వెలుతురూ గోడ నుంచి గోడకి తగిలి కిందకి దిగాలంటే తెల్లగా ఉండాల్సిందే, ఇల్లు కూడా చల్లగా ఉంటుంది. ఇప్పుడు కొన్ని గోడలకి పెయింటే గానీ నిజం సున్నం ఉన్నవి ఇంకా ఉన్నాయి, ముదురు రంగు బట్టలేసుకుని ఫోటో కోసం ఆనుకోకండి, మా అమ్మ నీలం చీర వీపు మీద తెల్ల మచ్చ రూముకి వచ్చాక గానీ చూసుకోలేదు.

పాత ఊరిని అక్కడ వాళ్ళు తెర్రా అంటారు. కూడలి నుంచి వియా కత్తెద్రాలె అనే వీధి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంది, చివర్లో కేథడ్రల్. నిలువు కొండేమీ కాదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఆగి ఆగి ఎక్కేస్తారు, సమస్య ఎత్తు కాదు, నేల. వందల ఏళ్ళు నడిచి నడిచి రాయి నున్నగా అద్దంలా అయిపోయింది, వాన చినుకు పడితే జారుతుంది. చెప్పులు వద్దు, మీ నాన్నగారు ఎంత మొండికేసినా షూస్ వేయించండి. అసలు నడవలేం అంటే కూడలి దగ్గర టూరిస్టుల్ని తిప్పే ఆటోలు ఉంటాయి, దగ్గరికెళ్ళి చూస్తే అది మన 'ఆపే' బ్రాండ్ ఆటోనే! పియాజియో వాళ్ళదే కదా మరి, ఇటలీ కంపెనీ. ఇక్కడ దానికి పూల కవర్లు, తెల్ల సీట్లు వేసి తిప్పుతారు. మా నాన్న ముందు నవ్వారు, తర్వాత రేటు విని నవ్వడం ఆపేశారు, కానీ ఎక్కారు.

కేథడ్రల్ 15వ శతాబ్దంది, ముఖద్వారం మీద గుండ్రటి పెద్ద కిటికీ, 24 రేకులు, రాతిలో లేసు అల్లినట్టు చెక్కారు. ఊరంతా తెల్లగా ఉండి ఇది మాత్రం రాతి రంగులోనే వదిలేశారు, అందుకే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎదురుగానే రెండు భవనాల్ని కలుపుతూ ఒక ఆర్చ్, స్కొప్పా ఆర్చ్, 1750 నాటిది. అక్కడ ఫోటోల కోసం క్యూ ఉంటుంది, పొద్దున్నే అయితే ఉండదు.

ఎవరూ పెద్దగా చెప్పని చోటు ఒకటి చెప్తా, వియా కత్తెద్రాలె మీదే పాత కాన్వెంట్‌లో ఒక చిన్న మ్యూజియం ఉంది. 1991లో ఊరి దగ్గర ఒక గుహలో ఒక గర్భిణి అస్థిపంజరం దొరికింది, దాదాపు 28,000 ఏళ్ళ కిందటిది, కడుపులో బిడ్డ ఎముకలతో సహా. చిన్న వయసు అమ్మాయి, చెయ్యి కడుపు మీద పెట్టి పడుకోబెట్టారు, తలకి చిన్న చిన్న గవ్వలు గుచ్చిన టోపీ లాంటిది. దెలియా అని పేరు పెట్టుకున్నారు. మ్యూజియం అంటేనే ఆవలించే మా అమ్మ అక్కడ చాలా సేపు నిలబడిపోయింది. వదలకండి.

తిండి విషయం. మీరు భయపడుతున్నంత లేదు, నిజానికి ఇటలీ మొత్తంలో వెజిటేరియన్లకి ఒస్తూని ఉన్న ఈ పులియా ప్రాంతమే బెస్ట్ అని నా అభిప్రాయం, పాత రోజుల్లో బీదవాళ్ళ తిండి కాబట్టి పప్పులు కూరలే ఎక్కువ. ఫావె ఎ చికోరియా అని అడగండి, ఎండు బఠాణీ లాంటి పెద్ద గింజల్ని మెత్తగా ఉడికించి పేస్టు చేసి పక్కన కాస్త చేదుగా ఉండే ఆకుకూర పెట్టి పైన ఆలివ్ నూనె పోస్తారు, మా వాళ్ళు రెండు పూటలా అదే తిన్నారు. ఒరెక్కియెత్తె అనే చెవి ఆకారం పాస్తా ఇక్కడి స్పెషల్, మామూలుగా గోధుమ రవ్వ, నీళ్ళతోనే చేస్తారు, గుడ్డు వెయ్యరు, కానీ చీమె ది రాపా ఆకుకూరతో చేసేదాంట్లో చాలా చోట్ల చిన్న చేప వేసేస్తారు, కనపడదు, కరిగిపోతుంది, అందుకని ముందే "సెన్జా అచ్చుగె", అంటే ఆ చేప లేకుండా అని గట్టిగా చెప్పండి. చీజుల్లో చాలావాటికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, మీవాళ్ళు అంత పట్టింపు ఉన్నవాళ్ళయితే బుర్రాతా అనే ఇక్కడి చీజ్ ఆర్డర్ చేసేముందు ఆలోచించుకోండి. కారం చాలకపోతే "ఒలియో పికాంతె" అడగండి, మిరపకాయ నూనె తెచ్చిస్తారు. తరాల్లి ప్యాకెట్లు రెండు మూడు బ్యాగులో పడేసుకోండి, అచ్చం మన చేగోడీలే, కారం లేదంతే. ఇవి ముఖ్యం, ఎందుకంటే రాత్రి ఏడున్నర దాకా రెస్టారెంట్ కిచెన్లు తెరవరు, షుగర్ టాబ్లెట్లు వేసుకునే వాళ్ళకి అప్పటిదాకా ఆగడం కష్టం. బిల్లులో కోపెర్తో అని మనిషికి ఇంత అని వేస్తారు, మోసం కాదు, కూర్చున్నందుకు అందరికీ వేసేదే.

రావడం పోవడం సంగతి. బారి నుంచి రీజనల్ ట్రైన్‌లో సుమారు గంట, లెచ్చె వైపు వెళ్ళే లైను. స్టేషన్ మాత్రం కొండ కింద, ఊరికి మూడు కిలోమీటర్ల దాకా దూరం, బస్సు ఉంది కానీ ఆదివారం నమ్ముకోకండి, ట్యాక్సీ కావాలంటే ఉండే చోటు వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి. ఆ కింద నుంచి పైకి వచ్చేటప్పుడు ఆలివ్ తోటల మీదుగా ఊరు మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది, సముద్రం ఈశాన్యం వైపు కాబట్టి పొద్దుటి ఎండ ఆ గోడల మీద నేరుగా పడుతుంది, దూరం నుంచి ఫోటో కావాలంటే పొద్దున తియ్యండి, సాయంత్రం ఆ వైపు నీడ పడిపోతుంది.

దగ్గర్లోని అల్బెరొబెల్లొ, లొకొరొతొందొ అనే ఊళ్ళు కూడా అదే రోజు కలిపేద్దామని రాశారు, అది ట్రైన్‌లో కుదరదండి. మ్యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి కానీ లైన్లు వేరు, అవి లోపల వైపు వెళ్ళే వేరే కంపెనీ రైలు మార్గం మీద ఉన్నాయి, ఆదివారం సర్వీసులు బాగా తక్కువ. అందుకే పెద్దవాళ్ళతో ఉన్నారు కాబట్టి కారే తీసుకోండి. కారు తీసుకుంటే ఒక్కటే జాగ్రత్త, పాత ఊళ్ళలోకి జెడ్‌టిఎల్ అని బోర్డు ఉన్న చోట కారు పోనివ్వకూడదు, కెమెరాలు ఉంటాయి, ఫైన్ నెలల తర్వాత ఇంటికి వస్తుంది. బయట పార్కింగ్‌లో పెట్టి నడవండి. అల్బెరొబెల్లొలో ఆ శంకు ఆకారం కప్పుల ఇళ్ళు బావుంటాయి, యునెస్కో గుర్తింపు కూడా ఉంది, కానీ సగం ఇళ్ళు ఇప్పుడు బొమ్మల షాపులే, గంట చాలు. లొకొరొతొందొ కూడా తెల్ల ఊరే, చిన్నది, నడక తేలిక, జనం తక్కువ. మీ అమ్మగారికి మోకాళ్ళు మరీ ఇబ్బందయితే ఒస్తూని కంటే అక్కడే రాత్రి ఉండమంటాను, సముద్రం వ్యూ మాత్రం ఉండదు.

ఆగస్టులో వెళ్ళకండి, 26న సంత్ ఒరోంజొ ఊరేగింపు ఉంటుంది, ఎర్ర బట్టల్లో గుర్రాల మీద వస్తారు, చూడ్డానికి బ్రహ్మాండమే కానీ పెద్దవాళ్ళతో ఆ ఎండలో ఆ జనంలో కష్టం, రూములు కూడా మండిపోతాయి.

ఇంక ఆలివ్ చెట్లు. ఒస్తూని కింద మైదానంలో వెయ్యేళ్ళ వయసు చెట్లు కూడా ఉన్నాయి, మాను తాడులా మెలిపడి, మధ్యలో తొర్ర, లోపల మనిషి నిలబడొచ్చు. ఇంకా దక్షిణానికి వెళ్తే చూడలేం, 2013లో గల్లిపొలి దగ్గర జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది, చెట్టుకి నీళ్ళు ఎక్కే దారులు మూసుకుపోయి నిలువునా ఎండిపోతుంది, లక్షల చెట్లు పోయాయి, తర్వాత ఒస్తూని వైపుకీ పాకింది. లెచ్చె దాకా ట్రైన్‌లో వెళ్తే కిటికీలోంచి బూడిద రంగు తోటలు కనిపిస్తాయి. కారు ఉంటే ఊళ్ళోకి వెళ్ళే ముందు ఏదైనా తోట దగ్గర ఆగండి, కొన్ని చోట్ల నూనె కూడా రుచి చూపించి అమ్ముతారు. కొంటే గాజు సీసా కాదు రేకు డబ్బా కొనండి, చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, కొత్త నూనె కాస్త చేదుగా, గొంతులో మంటగా ఉంటుంది, పాడైపోయిందని పారేయకండి, అది మంచి నూనె లక్షణమే. మా ఇంట్లో ఇడ్లీ కారప్పొడిలోకి అయిపోయింది.