మా ఊళ్ళో జిమ్ పెడితే జనం ఏం కోరుకుంటారు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో జిమ్ పెట్టాలనుకుంటున్నారు. ఉన్న డబ్బు మెషిన్ల మీద పెట్టాలా, ఏసీ మీద పెట్టాలా, జనం ఏం చూసి చేరతారు అని అడిగారు. చేరేవాళ్ళ సంగతి అలా ఉంచి, మూడో నెల ఫీజు కూడా ఎవరు కడతారో ముందు ఆలోచించండి. జిమ్ నిలబడేది వాళ్ళ మీదే.

నేను బరంపురంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. షుగర్ బయటపడ్డాక డాక్టరు గారు నడక ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తమన్నారు. అలా జిమ్ముల్లో అడుగుపెట్టాను. ఒకటి రెండు మారి, ఇప్పుడు ఒకచోట కుదురుకున్నాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

కుర్రాళ్ళ గురించి మీరు బెంగ పడక్కర్లేదు. మన వైపు కండబలం మీద మోజు ఎప్పటినుంచో ఉన్నదే. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం మీకు అంత దూరమేమీ కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచిన కె. రవికుమార్ మా బరంపురం వాడు. మీరు తలుపు తీస్తే చాలు, కుర్రాళ్ళు వస్తారు. కానీ డిగ్రీ అయ్యాక వాళ్ళు ఊళ్ళో ఉంటారా? విశాఖపట్నమో, భువనేశ్వరో, హైదరాబాదో వెళ్ళిపోతారు. పరీక్షలప్పుడు ఎలాగూ రారు. ఏడాది పొడుగునా ఊళ్ళో ఉండేది కొట్ల వాళ్ళు, టీచర్లు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు, రిటైరైన వాళ్ళు. వాళ్ళలో చాలామందికి షుగరో, మోకాళ్ళ నొప్పో, నడుం నొప్పో ఉంటుంది. జిమ్ మనలాంటి వాళ్ళకి కాదులే అని గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వాళ్ళని లోపలికి రప్పించి, ఉండేలా చెయ్యగలిగితే మీ జిమ్ పదేళ్ళు నడుస్తుంది.

ఆడవాళ్ళకి వేళలు పెట్టేటప్పుడు ఒక్కసారి వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూడండి. నేను మొదట చేరిన చోట లేడీస్ బ్యాచ్ పొద్దున్న పది నుంచి పన్నెండు. ఇంట్లో ఉండేవాళ్ళకి పదికి ఇంకా వంటే తెమలదు, ఉద్యోగం చేసేవాళ్ళు అప్పటికే ఆఫీసులో ఉంటారు. బ్యాచ్‌లో ఎవరూ లేరని కొన్నాళ్ళకి అదీ ఎత్తేశారు. ఆడవాళ్ళు రారు అన్న మాట మాత్రం మిగిలిపోయింది! ఇప్పుడు నేను వెళ్ళే చోట పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు వరకు ఆడవాళ్ళకే. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు మళ్ళీ ఆడవాళ్ళకే. పొద్దున్న ఉద్యోగస్తులు, మధ్యాహ్నం గృహిణులు, రెండు బ్యాచ్‌లూ నిండుగా ఉంటాయి. చీర మార్చుకోడానికి గడియ పడే గది, శుభ్రమైన బాత్రూమ్, వీధి నుంచి లోపలికి కనపడకుండా అద్దాలకి ఫిల్మ్, గుమ్మం దగ్గర మంచి లైటు ఉండాలి. గోడల మీద కెమెరాలు ఎటు చూస్తున్నాయో కూడా ఆడవాళ్ళు చూస్తారు. ఎవరూ పైకి అడగరు, నచ్చకపోతే మర్నాటి నుంచి రారు. సల్వార్ కమీజ్‌లో వ్యాయామం చేస్తే తప్పు పట్టకండి. కాళ్ళకి బూట్లుంటే చాలు.

మెషిన్ల విషయానికొస్తే, పెద్ద పెద్ద డంబెల్స్ కొనే ముందు ఒకటి నుంచి ఐదు కిలోల వరకు ఉన్నవి రెండేసి జతలు తీసుకోండి. ఖాళీ ఒలింపిక్ రాడ్డే 20 కిలోలు ఉంటుంది. ఎప్పుడూ బరువు ఎత్తని యాభై ఏళ్ళావిడకి అది ఇస్తే ఇంకేం వస్తుంది? తేలిక రాడ్లు ఉండాలి, కూర్చుని లేవడానికి గట్టి స్టూళ్ళుండాలి, గోడకి పట్టుకునే కమ్మీ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 18 ఏళ్ళు దాటినవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు గబగబా నడవడం లాంటి ఒక మోస్తరు వ్యాయామం చెయ్యాలని, కనీసం రెండు రోజులు కండరాలు బలపడే పని చెయ్యాలని ఉంది. 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా ఒంటి పట్టు తప్పకుండా నిలబడే వ్యాయామాలూ చెయ్యాలట. ఈ నడక భాగం మన ఊళ్ళల్లో రోడ్డు మీద ఉచితంగా దొరుకుతుంది. బరువుల భాగమే ఇంకెక్కడా దొరకదు. అందుకే వరసగా ట్రెడ్‌మిల్లులు పెట్టకండి, ఒకటో రెండో చాలు. వాటికి వేరే లైను, స్టెబిలైజరు ఉండాలి. వేసవిలో వోల్టేజ్ పడిపోతే మోటార్లు పాడవుతాయి. కరెంటు పోయినా ఫ్యాన్లు, లైట్లు ఆగకుండా ఇన్వర్టర్ పెట్టుకుంటే ఏసీ లేదని ఎవరూ మానెయ్యరు. పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మాత్రం తప్పనిసరి. మన ఉక్కలో చెమట వాసన నిలిచిపోతే రెండో రోజు రాబుద్ధి కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చు ట్రైనర్ మీద పెట్టండి, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. మా ట్రైనర్ అమ్మాయి చేరిన రోజే ఏ మందులు వాడుతున్నానో అడిగి రాసుకుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. 70 కంటే కిందికి వస్తే ప్రమాదం. చేతులు వణకడం, చెమటలు, కళ్ళు తిరగడం గుర్తుపట్టడం ఆమెకి వచ్చు, బల్ల మీద గ్లూకోజ్ ఎప్పుడూ ఉంటుంది. ఒకరోజు నా పక్కనున్న పెద్దావిడకి అలాగే అయితే ఆమె కూర్చోబెట్టి గ్లూకోజ్ నీళ్ళు తాగించిన తీరు చూశాక, నేను మా వీధిలో ఎంతమందిని ఆ జిమ్‌కి పంపానో! తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే ట్రైనర్ అయితే మీ ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది ఉండదు, బోర్డులు కూడా రెండు లిపుల్లో రాయించండి. ప్రొటీన్ డబ్బాలు అంటగట్టనివ్వకండి. ఇంకోచోట నాకిచ్చిన డైట్ చార్ట్‌లో బ్రోకలీ, ఓట్స్ ఉన్నాయి. మన ఇళ్ళల్లో వండేది అన్నం, పప్పు, కూరగాయలు వేసి వండే డాల్మా, చేపలు, గుడ్లు, రాగి అంబలి. అందులోనే ఎంత తినాలో చెప్పగలిగేవాళ్ళు కావాలి.

ఫీజు నెల నెలా తీసుకోండి. ఏడాదికి ఒకేసారి కడితే సగం ధర అని వసూలు చేసి, కొన్నాళ్ళకి తాళం వేసిన జిమ్ ఒకటి మా ఊళ్ళో ఉంది, నా డబ్బు కూడా పోయింది. అప్పటి నుంచి ఏడాది ఆఫర్ అంటేనే జనానికి టెన్షన్. పెళ్ళిళ్ళకో, పురుళ్ళకో ఊరెళ్తే ఆ రోజులు తర్వాత కలిపిస్తామని రాసివ్వండి. ఇంట్లో ఇద్దరు చేరితే కాస్త తగ్గించండి, తల్లీకూతుళ్ళు కలిసి వస్తారు. జీఎస్టీ సంగతి కూడా చూసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అయితే మెషిన్ల మీద మీరు కట్టిన పన్ను వెనక్కి తీసుకునే వీల్లేదు, లెక్క వేసుకునేటప్పుడు అది కలుపుకోండి.

గది ఏ వీధిలో చూస్తున్నారో, కిందా మేడ మీదా అన్నది ఇక్కడే రాయండి. మేడ మీదైతే మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేరు, బరువులు కింద పెట్టిన ప్రతిసారీ కింది ఇంటివాళ్ళతో గొడవ. అద్దె కాస్త ఎక్కువైనా కింది గదే చూడమంటాను.