కిశోర్‌కి పెద్దమ్మ రాసిన వంట లెక్క

చిరంజీవి కిశోర్‌కి, పెద్దమ్మ ఆశీస్సులు.

రోజూ ఇంట్లో సంప్రదాయ భోజనం ఎలా కుదుర్చుకోవాలని అడిగావుగా. సంప్రదాయ భోజనం అంటే పెళ్లి విస్తరిలా పది రకాలు ఉండాలేమోనని టెన్షన్ పడకు. ఇంట్లో రోజూ తినేది పప్పు, కూర, చారు, పెరుగు. అంతే. వాటిని ఒకదానికొకటి కుదిరేలా ఎంచుకోవడమే అసలు పని.

మీరిద్దరూ ఆఫీసు నుంచి రాగానే ముందు కుక్కర్లో బియ్యం పడేసి, ఆ తర్వాత కూర ఏమిటని ఫ్రిజ్ తెరుస్తారు. అది తిరగెయ్యి. ముందు ఆకుకూర ఏదో చూసుకో, మిగతావి దాన్నిబట్టి. ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్తే పాలకూర ఒక్కటే కాదు, తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూర కూడా తెచ్చుకో. కడిగాకే తరుగు.

పులుపు లెక్క మాత్రం తప్పకూడదు. పప్పులో చుక్కకూరో గోంగూరో వేసిన రోజు చింతపండు చారు పెట్టకు, రెండూ పులుపే అయితే నాలిక మొద్దుబారుతుంది. ఆ రోజు పక్కన దొండకాయ వేపుడు, చివర పెరుగు చాలు. అదే ముద్దపప్పు చేస్తే పచ్చిపులుసు పెట్టు. చింతపండు నానబెట్టి రసం పిండి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిపాయ సన్నగా తరిగి వెయ్యి. స్టవ్ వెలిగించేది మిర్చి కాల్చడానికి, పోపుకి, అంతే. అలసిపోయి వచ్చిన రోజున దాన్ని మించింది లేదు.

బంగాళాదుంప వేపుడు చేసి కూర అయిపోయిందనుకోకు. రుచిగా ఉంటుంది, కాదనను. కానీ దుంపలోనూ అన్నంలాగే పిండిపదార్థమే ఎక్కువ, అది అన్నం పక్కన ఇంకో అన్నం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. అందుకే ముందు కూర వడ్డించుకుని, మిగిలిన చోట్లో అన్నం పెట్టుకో.

పప్పు పలచగా నీళ్లలా చేయకు. మూడు గుప్పెళ్ల బియ్యానికి ఒక గుప్పెడు పప్పు పడాలి. ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం అందిస్తుంది. మాంసం తినని రోజు ఆ రెండూ కలిస్తే మంచి ప్రోటీన్. పప్పు దించాక నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, ఒక గంట ఆగు.

ఆవకాయ, పొడులు మానమని చెప్పను. మీ పెదనాన్నకి కరివేపాకు పొడి లేకపోతే మొదటి ముద్దే దిగదు. అయితే ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు కాబట్టి, ఆవకాయ వేసుకునే పూట కూరలో ఉప్పు తగ్గించు. వారానికి రెండు రాత్రులు అన్నానికి బదులు జొన్నరొట్టె చెయ్యి.

పెరుగు డబ్బాలు కొనడం మానేసి రాత్రి పాలు తోడుపెట్టు. చలికాలంలో గిన్నెకి మందపాటి గుడ్డ చుట్టు, లేకపోతే పొద్దుటికి తోడుకోదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ