కొవ్వు తీయించుకుంటే బరువు తగ్గుతుందా? మా అక్క విషయంలో నేను చూసింది

మీ వయసు 38, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 84 కిలోలు, ఈ మధ్యనే షుగర్ బయటపడింది, లైపోసక్షన్, అంటే గొట్టంతో ఒంట్లో కొవ్వు లాగించే ఆపరేషన్, చేయించుకుంటే బరువూ షుగరూ రెండూ దారికి వస్తాయా అని అడిగారు. రావు. ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఇదే ఆశతో మా అక్క కావలి నుంచి చెన్నై వెళ్లి ఆ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు పక్కన ఉన్నదాన్ని నేనే, ఆ తర్వాత ఆమె ఒంట్లో ఏది మారిందో ఏది మారలేదో దగ్గరుండి చూసినదాన్నీ నేనే.

అక్క కూతురి పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. అంతకు ముందు చుట్టాలింట్లో జరిగిన ఒక ఓణీల ఫంక్షన్‌లో, అందరూ వింటుండగా ఒకావిడ "ఏంది వదినా, బొత్తిగా ఇట్టా అయిపోయినావే, పెళ్లికూతురి అమ్మవంటే ఎవురు నమ్ముతారు" అన్నది. ఆ మాట అక్క మనసులో దిగబడిపోయింది. మన ఇళ్లలో ఒక మనిషి ఒంటి గురించి ఎవరైనా, ఎక్కడైనా, ఎంత మాటైనా అనవచ్చుననే అలవాటు ఎంత నష్టం చేస్తున్నదో ఎవరూ లెక్క వేయరు. లైపోసక్షన్ చేయించుకునే వారిలో ఎక్కువమంది తమ కోసం కాక ఇలాంటి మాటల కోసమే బల్ల ఎక్కుతున్నారని నా నమ్మకం. ఆ వారంలోనే అక్క ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. ఒక్క రోజులో కొవ్వు మాయం, మర్నాడే ఇంటికి అని అందులో ఉంది. బరువు తగ్గితే షుగర్ మాత్రలు కూడా మానేయవచ్చునని అక్క తనకు తానే లెక్క వేసుకుంది, సలహా కోసం వెళ్లినప్పుడు ఆ క్లినిక్‌లో ఎవరూ ఆ లెక్క తప్పని చెప్పలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం ఇప్పటికీ ఆ మౌనం మీదే.

బావకు రొయ్యల గుంటల్లో పట్టుబడి సమయం కావడంతో నేను తోడు వెళ్లాను. ఆపరేషన్‌లో ముందుగా మత్తుమందూ రక్తనాళాలు కుంచించుకుపోయే మందూ కలిపిన సెలైన్‌ను చర్మం కిందికి ఎక్కించి, ఆ తర్వాత చిన్న రంధ్రాల గుండా సన్నని లోహపు గొట్టం పంపి, అటూ ఇటూ కదిలిస్తూ కొవ్వును లాగుతారు. అక్కకు పొట్ట నుంచీ నడుము నుంచీ నాలుగు లీటర్లు తీశామని చెప్పి ఆ సీసా చూపించారు. పైన పసుపు పచ్చని కొవ్వు, అడుగున ఎర్రటి నీళ్లు ఉన్నాయి. ఆ నాలుగు లీటర్లలో వాళ్లు ఎక్కించిన సెలైన్ కూడా ఉంటుందనీ, లీటరు కొవ్వు కిలో బరువు కూడా తూగదనీ అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, తగ్గేది ఎంతో ఆ సీసా ముందే తెలిసిపోయేది. ఆ రాత్రి లాడ్జి గదిలో, కుట్లు వేయకుండా వదిలిన రంధ్రాల నుంచి ఎర్రటి నీరు కారుతూనే ఉంది. అది మామూలే, ఒకటి రెండు రోజులు అలాగే కారుతుందని కాగితం మీద రాసి ఇచ్చారు కాబట్టి భయపడలేదు గాని, తువ్వాళ్లు మార్చడంతోనే తెల్లవారింది.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది. వాపు తగ్గడానికీ చర్మం లోపలికి అతుక్కోవడానికీ రొమ్ము కింద నుంచి తొడల దాకా బిగుతుగా పట్టే ఒక వస్త్రాన్ని స్నానానికి తప్ప తీయకుండా కొన్ని వారాల పాటు వేసుకోవాలి. అది రోహిణి కార్తె. నెల్లూరు జిల్లా వాళ్లకు రోహిణి కార్తె గురించి నేను చెప్పనవసరం లేదు. మధ్యాహ్నం కరెంటు పోయిన ప్రతిసారీ అక్క ఆ వస్త్రంలో చెమటతో తడిసి, దద్దుర్లు గోక్కోవడానికి కూడా వీలులేక గోడకు ఆనుకుని కూర్చునేది. పొట్టంతా నల్లగా, నీలంగా కమిలిపోయి ఉండేది. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని మే నెలాఖరున ఈ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన వాళ్లు మన ఎండల గురించి ఒక్క మాట అడగలేదు. వాయిదా వేసుకునే వీలుంటే మన వైపు వాళ్లు వేసవిలో దీని జోలికి పోకూడదు.

పరీక్ష కోసం మళ్లీ చెన్నై వెళ్లిన రోజున అక్క ఆశగా కాటా ఎక్కింది. ఆపరేషన్‌కు ముందు 82 కిలోలు ఉన్న మనిషి ఆ రోజు 83కు పైగా తూగింది. "ఇంత తీశారు గదా, మరి బరువెందుకు పెరిగిందే?" అని నా వైపు తిరిగి అడిగినప్పుడు ఆమె గొంతు వణకడం నాకు వినిపించింది. వాపు వల్ల ఒంట్లో నీరు నిలిచిందనీ, అది తగ్గాక చూడమనీ అక్కడి నర్సు అన్నది. అది నిజమే, వాపు దిగిన తర్వాత బరువు 79కి వచ్చింది. జాకెట్ల నడుము కొలత మాత్రం బాగానే తగ్గింది, పెళ్లిలో పట్టుచీర కట్టుకున్నప్పుడు తేడా కనిపించింది, ఆ తృప్తిని నేను కాదనను. అంత డబ్బు పోసి, అంత బాధపడ్డాక కాటా మీద కనిపించిన తగ్గుదల మూడు కిలోలు.

షుగర్ అంగుళం కూడా కదలలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ముందు 7.4 ఉండగా తర్వాత 7.5 వచ్చింది, మాత్రలు అవే, మోతాదు అదే. ఇది మా అక్క ఒక్కరి దురదృష్టం కాదు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో శామ్యూల్ క్లైన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఊబకాయం ఉన్న 15 మంది స్త్రీల పొట్ట నుంచి, వారిలో ఏడుగురు మధుమేహం ఉన్నవారు, ఒక్కొక్కరికి సగటున 9 నుంచి 10 కిలోల కొవ్వు తీసి, 10 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఇన్సులిన్ పని చేసే తీరు, రక్తపోటు, కొలెస్ట్రాల్ దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్కకు తీసినదానికంటే మూడింతలు తీసినా ఫలితం అదే. ఎందుకంటే గొట్టంతో లాగగలిగేది చర్మం కింద ఉండే కొవ్వును మాత్రమే. షుగర్‌కూ గుండెజబ్బుకూ ఎక్కువగా ముడిపడి ఉన్నది కాలేయంలోనూ పేగుల చుట్టూనూ పేరుకునే లోపలి కొవ్వు, అక్కడికి ఆ గొట్టం వెళ్లదు, వెళ్లకూడదు కూడా. పైగా, తక్కువ తిని ఎక్కువ నడిచి తగ్గిన మనిషిలో కొవ్వు కణాలు చిన్నవవుతాయి, కాలేయం తేలికపడుతుంది. ఆపరేషన్ మిగిలిన కణాలను చిన్నవి చేయదు, కొన్నిటిని తీసివేస్తుంది, అంతే.

పెళ్లి అయిపోయి, పాత పద్ధతిలోనే వంటా భోజనమూ సాగేసరికి, మరుసటి వేసవికి బరువు మళ్లీ 83 దగ్గరికి చేరింది. అయితే పొట్ట కింది భాగం అంతగా పెరగలేదు, జాకెట్ల చేతులు పట్టడం మానేశాయి, వీపు మీద మడత పడింది. కుట్టే ఆమె చేతుల దగ్గర కుట్లు విప్పి వదులు చేయాల్సి వచ్చింది. 2011లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 32 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనం గురించి చదివినప్పుడు అక్కను చూసి రాశారా అనిపించింది. తొడల దగ్గర, పొత్తికడుపు దగ్గర కొవ్వు తీయించుకున్న వారికి ఏడాది లోపల మొత్తం కొవ్వు దాదాపు తిరిగి వచ్చేసింది. తొడల్లోకి మాత్రం కాకుండా పై పొట్టకూ భుజాలకూ చేతులకూ చేరింది. అంటే తీసిన చోట తగ్గినట్టే ఉన్నా, శరీరం తన లెక్కను మరోచోట సరిచేసుకుంటుంది.

ప్రకటనల్లో ముందు, తర్వాత అని చూపించే ఫొటోల గురించి కూడా చెప్పాలి. ముందు ఫొటోలో మనిషి వంగి, పొట్ట వదిలి నిలబడుతుంది, తర్వాత ఫొటోలో నిటారుగా, మంచి వెలుతురులో నిలబడుతుంది. ఏ ఫొటో కిందా బరువు అంకె ఉండదు, ఎన్ని నెలల తర్వాత తీసిందో ఉండదు. ప్రమాదం సంగతి అసలే ఉండదు. కొవ్వు ముక్కలు గానీ రక్తపు గడ్డలు గానీ ఊపిరితిత్తులకు చేరడం, గొట్టం పేగుకు గుచ్చుకోవడం, మత్తుమందు ఎక్కువ కావడం అరుదుగానైనా జరుగుతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. 5 లీటర్లు దాటి తీస్తే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టుకోవాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చెబుతుంది. మన ప్రాంతంలో లైపోసక్షన్ అనే మాట ఇళ్లలో గట్టిగా వినిపించింది 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయినప్పుడు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారని పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త చదివి అయ్యో అనుకున్న ఇళ్లలోనే ఇప్పుడు దీని కోసం నెలసరి వాయిదాల మీద అప్పు తీసుకుంటున్నారు. సౌందర్యం కోసం చేసేది కాబట్టి ఆరోగ్య బీమా కూడా రాదు.

మీ ప్రశ్నలో మరొక గందరగోళం ఉంది, అది చాలామందికి ఉన్నదే. బరువు కోసం చేసే ఆపరేషన్ వేరే ఉంది. జీర్ణాశయాన్ని చిన్నది చేసే లేదా పేగు దారి మళ్లించే ఆ శస్త్రచికిత్సను బేరియాట్రిక్ అంటారు, దాని వల్ల ఆకలి తగ్గుతుంది, షుగర్ చాలామందిలో అదుపులోకి వస్తుంది. ఎత్తును బట్టి బరువు ఎక్కువో తక్కువో చెప్పే అంకెను బీఎంఐ అంటారు, మీరు చెప్పిన ఎత్తుకూ బరువుకూ అది సుమారు 34 అవుతుంది. భారతీయులకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియా వాసులకు 27.5 నుంచే బేరియాట్రిక్‌ను పరిశీలించవచ్చునంటున్నాయి. వెంటనే దానికి పొమ్మని నేను అనడం లేదు, అదీ పెద్ద ఆపరేషనే, జీవితమంతా విటమిన్లు వాడుకోవాలి. కానీ షుగర్ కోసం కత్తి కిందికి వెళ్లాలనుకుంటే, అడగవలసింది దాన్ని గురించి, లైపోసక్షన్ గురించి కాదు.

అసలు అంత దూరం ఎందుకు రావలసి వస్తున్నదో కూడా చూడాలి. నెల్లూరులో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం చుట్టుపక్కల ఇల్లున్నవారికి పొద్దున్నే నడవడానికి చోటుంది. మా అక్క ఉండే వీధిలో కాలిబాట లేదు, తెల్లవారుజామున కుక్కలు, ఎనిమిది దాటితే ఎండ, సాయంత్రం మోటారుసైకిళ్లు. మగవాళ్లు టీ అంగడి దాకా అయినా నడుస్తారు. ఆడవాళ్లు నడకకు బయలుదేరితే ఎక్కడికని ప్రతి గడపా అడుగుతుంది. ఇక భోజనం. అందరూ మన చేపల పులుసును నిందిస్తారు, అందులో తప్పేమీ లేదు, చేప మంచిదే. దానితో కలుపుకునే మూడు పళ్లేల అన్నం, ఆ తర్వాత మిగిలిపోతుందని తినే నాలుగోది, అదీ అసలు లెక్క. ఇంట్లో మిగిలినదంతా తల్లి పళ్లెంలోకే చేరే పద్ధతి మారనంతవరకు ఏ సర్జనూ ఏమీ చేయలేడు. అక్క ఇప్పుడు మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, మేడ మీద నడుస్తున్నది. తగ్గుదల నెమ్మదిగానే ఉంది, అయినా షుగర్ మొదటిసారి 7 కిందికి దిగింది.

లైపోసక్షన్ పనికిరానిదని నేను అనడం లేదు. బరువు దాదాపు సరిగా ఉండి, ఎంత చేసినా ఒకచోట మాత్రం కరగని కొవ్వు ఉన్నవారికి ఆకారం సరిచేసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. మీరు ముందుగా హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కాలేయం పరీక్షలు చేయించుకోండి, నడుము చుట్టుకొలత రాసి పెట్టుకోండి, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. నెల్లూరులో పొగతోట వైపు ఎంతోమంది మంచి వైద్యులున్నారు, వారిలో షుగర్ చూసేవారి దగ్గరికి ముందు వెళ్లండి. బరువు దిగాక కూడా ఆకారం కోసం ఈ ఆపరేషన్ కావాలనిపిస్తే, చేసే మనిషి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. అనే పై చదువు చదివారా, మత్తు డాక్టరు మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉంటారా, అర్ధరాత్రి ఊపిరి అందకపోతే ఏ ఐసీయూకు తీసుకెళతారు అని అడగండి. వీటికి సూటిగా జవాబు రాని చోట అడ్వాన్సు కట్టకండి.