పాలు, టమాటా మానేశాను. రాయి మాత్రం మళ్లీ వచ్చింది

అమ్మగారికి కిడ్నీలో రెండోసారి రాయి వచ్చిందని, పాలు, పెరుగు, టమాటా మాన్పించమని అందరూ చెబుతున్నారని రాశారు. మాన్పించకండి. నేను మానేసి చూశాను.

నాకు మొదటి రాయి 2014లో. లేజర్‌తో పగలగొట్టి మూత్రనాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేశారు. ఇంటికొచ్చాక చుట్టాలు చెప్పినవన్నీ పాటించాను. పాలు బంద్, పెరుగు బంద్, టమాటాను వంటింట్లోకే రానివ్వలేదు. నాలుగేళ్లకు రెండోవైపు ఇంకోటి. అది చిన్నది కావడంతో దానంతటదే పడిపోయింది. టీ వడకట్టే జాలీ పట్టుకుని మూడు రోజులు బాత్రూముకు తిరిగాను లెండి. ఆవగింజ కంటే కాస్త పెద్దది, పల్లేరుకాయలా గరుకుగా ఉంది. ల్యాబ్‌కిస్తే క్యాల్షియం ఆక్సలేట్ అన్నారు, అంటే క్యాల్షియం, ఆకుకూరల్లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కలిసి కట్టిన రాయి. ఎక్కువమందికి వచ్చేది ఈ రకమే.

పాలు మానేశానని గొప్పగా చెబితే డాక్టరుగారు తల పట్టుకున్నారు. మనం తిన్న క్యాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని విరేచనంలో పోతుందట. క్యాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ ఎక్కువగా రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి చేరుతుంది. మూత్రంలో క్యాల్షియం ఎక్కువగా పోతూ మళ్లీ మళ్లీ రాళ్లొచ్చే 120 మంది మగవాళ్లను ఇటలీలో ఐదేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. పాలపదార్థాలు తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాళ్లొచ్చాయి. క్యాల్షియం మామూలుగానే తీసుకుని ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో 12 మందికే.

అందుకే ఇప్పుడు గోంగూర పప్పు తిన్న పూట పెరుగన్నం తప్పనిసరి. గోంగూరా వారానికోసారే. పాలకూర మాత్రం పూర్తిగా వదిలేశాను, ఆక్సలేట్ చాలా ఎక్కువగా ఉండేవాటిలో అదొకటి. తోటకూర ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుతాను. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, పాపం దాన్ని అనవసరంగా ఆడిపోసుకుంటారు. ఎముకల కోసం క్యాల్షియం బిళ్లలు వాడుతుంటే, డాక్టర్ని అడిగి అన్నంతోపాటే వేసుకోమనండి, పరగడుపున వద్దు.

నన్ను బాగా దెబ్బతీసినవాటిలో ఉప్పు ఒకటి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో క్యాల్షియం ఎక్కువ పోతుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ లేనిదే నాకు ముద్ద దిగేది కాదు. పైగా పెరుగు మానేయక ముందు, చలవ చేస్తుందని రోజూ రెండు గ్లాసుల మజ్జిగ, గ్లాసుకు అర చెంచా ఉప్పు! ఇప్పుడు మజ్జిగలో ఉప్పు లేదు, కరివేపాకు, నిమ్మకాయే. నిమ్మలోని సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుపడుతుంది.

ఇక నీళ్లు. నేను టీచర్ని, పల్నాడు ఎండల్లో పని. అప్పట్లో బడిలో ఆడవాళ్లకు సరైన బాత్రూము లేక, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా గుక్కెడు నీళ్లు తాగేదాన్ని కాదు. నా రాళ్లకు ఆవకాయ కంటే ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. మీ అమ్మగారు కూడా ఇలాగే ఆపుకుంటున్నారేమో కనుక్కోండి, ఆడవాళ్లు ఇది పైకి చెప్పరు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, అంటే కనీసం మూడు లీటర్లు తాగాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. గుండెజబ్బు ఉన్నా, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా ఈ లెక్క పనికిరాదు, డాక్టరు చెప్పినంతే.

కొండపిండి ఆకు పప్పు, అరటిదవ్వ రసం, ఉలవచారు మా అత్తయ్య శ్రద్ధగా చేసిపెట్టేది. ఇష్టంగా తిన్నాను. వాటివల్ల రాయి కరిగిందని మాత్రం అనలేను.

మీ అమ్మగారి రాయి ఏ రకమో ముందు తేల్చుకోండి. యూరిక్ యాసిడ్ రాయైతే పాలకూర గొడవే లేదు, మాంసం తగ్గించాలి. వీలైతే 24 గంటల మూత్ర పరీక్ష కూడా చేయించండి. ల్యాబ్‌వాళ్లు పెద్ద క్యాను ఇస్తారు, ఒక రోజంతా అందులోనే పట్టాలి. నేనైతే ఆదివారం పెట్టుకున్నాను, క్యాను మోసుకుని బడికి వెళ్లలేను కదా.