రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: ముసురులో చచ్చిపోతున్న మీల్‌వార్మ్‌లు

ప్రశ్న: మా పెరట్లో 30 నాటు కోళ్లు ఉన్నాయి. మా అబ్బాయికి రెండు జతల లవ్‌బర్డ్స్, ఒక చిన్న అక్వేరియం ఉన్నాయి. వాటికి మేతగా పెంచుదామని, వీడియోల్లో చూసి ఆన్‌లైన్‌లో 500 మీల్‌వార్మ్ పురుగులు తెప్పించాం. మూతకు నాలుగు బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో బియ్యం తవుడు పోసి, క్యారెట్ ముక్కలు వేస్తూ వచ్చాం. నెల రోజులు బాగానే పెరిగాయి. ముసురు పట్టాక తవుడు ఉండలు కట్టింది, ఘాటు వాసన వస్తోంది. సగానికి పైగా పురుగులు నల్లబడి చచ్చిపోయాయి. తవుడు మీద దుమ్ములాంటిది కదులుతోంది. ఫోటో పంపుతున్నాను. ఈ తవుడు కోళ్లకు వేసేయొచ్చా? మళ్లీ మొదలుపెడితే దాణా ఖర్చు తప్పుతుందా?
– ఒక మహిళా రైతు, ఆనందపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ తవుడు సంగతి చెబుతాను. దాన్ని కోళ్లకు వేయొద్దు. పారేయడానికి మనసొప్పదని తెలుసు, అయినా ఒక్క గుప్పెడు కూడా వేయకండి. బూజు పట్టిన తవుడులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఉంది. అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పోదు. నల్లబడి చచ్చిన పురుగులూ అంతే, మేతకు పనికిరావు. మొత్తం మీద మరిగే నీళ్లు పోసి, గొయ్యి తీసి పాతిపెట్టండి. ఇప్పటికే కొంత వేసి ఉంటే, కోళ్లు మేత మానేసి ముడుచుకుని కూర్చుంటున్నాయేమో రెండు మూడు రోజులు గమనించండి. అలా కనబడితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

మీ ఫోటోను పెద్దది చేసి చూశాను. మూత లోపలి వైపు నీటి బొట్లు వరసగా పట్టి ఉన్నాయి. ఒక మూల క్యారెట్ ముక్క నల్లబడి, దాని మీద దూదిలా తెల్లటి బూజు లేచింది. ఆ చుట్టుపక్కల ఉన్న పురుగులన్నీ చచ్చినవే. ఎదుటి మూలలో తవుడు పొడిపొడిగా ఉంది, అక్కడ మాత్రం రెండు పురుగులు నిగనిగలాడుతూ కనబడుతున్నాయి. మీ పురుగులను చంపింది తడి.

మీల్‌వార్మ్ మన ఊళ్ల పురుగు కాదు. చలి దేశాల్లో ధాన్యం గోదాముల్లో బతికే ఒక నల్లటి పెంకు పురుగు పిల్ల ఇది. ఎండు పిండిలో పుట్టి ఎండు పిండిలోనే పెరుగుతుంది. 25 నుంచి 28 డిగ్రీల వేడి, 60–70 శాతం గాలి తేమ దీనికి సుఖం. విశాఖలో తీరపు గాలికి ఆ తేమ మామూలు రోజుల్లోనే ఉంటుంది, వానాకాలంలో ఇంకా పైకి పోతుంది. మీరు చూసిన వీడియోలు బహుశా గాలి పొడిగా ఉండే చోట తీసినవి. అక్కడివాళ్లు రోజూ క్యారెట్ వేయమంటారు, కొందరు నీళ్లు చిలకరించమంటారు. వాళ్ల చోట అది సరైనదే. అదే సలహా మన ఉక్కపోతలో పాటిస్తే వారం తిరక్కుండా డబ్బా పాడవుతుంది. వేసవిలో డబ్బా మీద తడి గోనెపట్టా కప్పమని చెప్పేవాళ్లూ ఉన్నారు. తీరప్రాంతంలో ఆ పని అసలు చేయొద్దు. చల్లదనం పెద్దగా రాదు, బూజు మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇక బియ్యం తవుడు. మిల్లు నుంచి తాజాగా వచ్చిన తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. కొద్ది రోజుల్లోనే అది చేదెక్కి, ముద్దకట్టి, వాసన కొడుతుంది. పశువుకు ఏ రోజుది ఆ రోజు పెడతాం కాబట్టి మనకు ఆ ఇబ్బంది తెలియదు. పురుగుల డబ్బాలో అదే తవుడు నెలల తరబడి ఉండాలి. అందుకే దీనికి గోధుమ పొట్టు వాడాలి, పశువుల దాణా అమ్మే కొట్లలో దొరుకుతుంది. తెచ్చాక కవరులో కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. కుదరకపోతే మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద, చేతికి బాగా కాలేదాకా కలుపుతూ వేయించి, పూర్తిగా చల్లార్చి వాడండి. పొట్టుతోనే వచ్చే నల్లి (మంచాల నల్లి కాదు, దుమ్ములా కనబడే సన్నటి పురుగు), ఇతర పురుగుల గుడ్లు దాంతో చస్తాయి.

మీరు చూసిన కదిలే దుమ్ము నల్లి అయ్యుంటుంది. ఖాయం చేసుకోవాలంటే ఒక చెంచాడు తవుడు తెల్ల కాగితం మీద కుప్పగా పోసి, పావుగంట కదపకుండా ఉంచండి. కుప్ప అంచులు తమంతట తామే జారి పలచబడితే అది నల్లే. వేళ్ల మధ్య నలిపితే పుదీనాను గుర్తుచేసే వాసన కూడా వస్తుంది. దీనికి మందులు కొట్టకండి. నల్లిని చంపే మందు మీ పురుగులనూ చంపుతుంది, మిగిలితే కోడి కడుపులోకి పోతుంది. తేమ తగ్గిస్తే నల్లి దానంతటదే తగ్గిపోతుంది.

బతికి ఉన్నవాటిని కాపాడుకోవచ్చు. వెడల్పాటి స్టీలు పళ్లెంలో కొద్దికొద్దిగా పోసి, చురుగ్గా కదిలేవాటిని ఏరండి. జల్లెడలో వేసి మెల్లగా ఆడిస్తే ఒంటికి అంటిన పొడి రాలిపోతుంది. కొత్త బేసిన్‌లో ఎండు గోధుమ పొట్టు పోసి వాటిని వేసి, రెండు రోజులు కూరగాయ ముక్క ఏదీ పెట్టకండి. పురుగులకు ఏమీ కాదు. తెల్లగా మెత్తగా కనబడేవి జబ్బు పడ్డవి కావు, అప్పుడే కుబుసం విడిచినవి. వాటిని తీసి పారేయకండి.

కొత్తగా పెంచేటప్పుడు మూతలున్న డబ్బాలు వద్దు. నున్నటి అంచులున్న వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్లు నాలుగు చాలు. నున్నటి గోడ ఈ పురుగులు ఎక్కలేవు. పైన దోమతెర గుడ్డ బిగించి కడితే బల్లులు దిగవు, గాలి ఆడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చవగ్గా దొరికే థర్మకోల్ పెట్టెల వైపు మాత్రం పోకండి. ఈ పురుగులు థర్మకోల్‌ను కొరికి తింటాయి, వాటి పేగులో అది విచ్ఛిన్నం కూడా అవుతుందని 2015లో స్టాన్‌ఫర్డ్, చైనాలోని బెయ్‌హాంగ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు చూపించారు. అలా ప్లాస్టిక్ తిన్న పురుగు కోడి మేతలో మనకు వద్దు.

పొట్టు లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు మించకూడదు. ఎక్కువ పురుగులు ఒకేచోట గుమిగూడితే వాటి ఒంటి వేడికే అడుగున ఉడికిపోతాయి. చెయ్యి పెట్టి చూడండి, గది కంటే పొట్టు వెచ్చగా తగిలితే రెండు బేసిన్లుగా పంచేయాలి. రేకుల షెడ్డు కింద పెట్టొద్దు, రోహిణి కార్తె ఎండలకు అన్నీ పోతాయి. పక్కా ఇంట్లో ఫ్యాను గాలి తగిలే నీడ చోటు చూడండి. చీమలు రాకుండా స్టూలు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టి రెండు చుక్కల నూనె వేయండి. చీమల చాక్‌పీస్, దోమల స్ప్రే ఆ గదిలోకి రానివ్వకండి.

నీటి కోసం క్యారెట్, బంగాళాదుంప ఏదైనా సరే. కడిగి, తుడిచి, కోసిన ముక్కను గంటసేపు ఆరబెట్టి, పొట్టు మీద కాకుండా చిన్న అట్టముక్క మీద పెట్టండి. సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున మిగిలింది తీసేయాలి. ముసురు రోజుల్లో వారానికి రెండుసార్లు పెడితే చాలు. వంటింట్లో మిగిలిన అన్నం, కూర మాత్రం వేయకండి. ఐరోపా దేశాలు 2021 నుంచి కోళ్ల, పందుల దాణాలో పురుగుల మాంసకృత్తులను అనుమతించాయి కానీ, ఆ పురుగులకు హోటల్, వంటింటి వ్యర్థాలు పెట్టడాన్ని నిషేధించే ఉంచాయి. పురుగు తిన్నదే చివరికి కోడిలోకి వస్తుంది కదా.

గుడ్డు వారం పది రోజుల్లో పొదుగుతుంది. పురుగు దశ రెండు మూడు నెలలు, ఆ తర్వాత ప్యూపాగా (పెంకు పురుగుగా మారే ముందు మేత లేకుండా ఉండే దశ) ఒకటి నుంచి మూడు వారాలు. పెంకు పురుగులు రెండు మూడు నెలలు బతికి గుడ్లు పెడతాయి. ప్యూపాలను రోజూ ఏరి వేరే బేసిన్‌లో వేయాలి, లేకపోతే తోటి పురుగులే కొరికేస్తాయి. పెంకు పురుగుల బేసిన్‌లో కోడిగుడ్ల అట్ట ముక్క ఒకటి పెట్టండి, దాని కింద దాక్కుంటాయి. పది పదిహేను రోజులకొకసారి వాటిని మాత్రం కొత్త పొట్టులోకి మార్చి, గుడ్లున్న పాత పొట్టును కదపకుండా వదిలేయండి. చాలామంది తొందరపడి ఈ పొట్టు జల్లెడ పడతారు, కంటికి ఆనని గుడ్లన్నీ పోతాయి.

ఇక దాణా ఖర్చు. లెక్క వేసి చూద్దాం. ఒక్కో కోడికి రోజుకు ఐదు పురుగులు వేసినా 30 కోళ్లకు 150 కావాలి. ఒక పురుగు సుమారు గ్రాములో పదో వంతు, అంటే అన్నీ కలిపి 15 గ్రాములు. మీ కోళ్లు రోజుకు తినే మేత తలా 100 గ్రాములనుకుంటే మూడు కిలోలు. మీరు తెప్పించిన 500 పురుగులూ నాలుగు రోజులకు రావు. పైగా ఒక కిలో పురుగులు పండించడానికి దాదాపు రెండు కిలోల పొట్టు ఖర్చవుతుంది. ఆ కిలో పచ్చి పురుగుల్లో మాంసకృత్తులు 200 గ్రాములే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరే. కిలో మంచి వేరుశనగ చెక్కలో అంతకు రెట్టింపు ఉంటాయి. కాబట్టి దాణా మానేయొచ్చనే ఆశ పెట్టుకోకండి. నేనీ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పురుగులే మేత అనుకుని దాణా తగ్గించి, గుడ్లు పడిపోయాక వచ్చి అడిగినవాళ్లను చూశాను.

అయినా ఇది పనికిమాలినది కాదు. ఈకలు రాల్చే కాలంలో, ఎదిగే కోడిపిల్లలకు, జబ్బు నుంచి కోలుకుంటున్న కోడికి ఇది మంచి బలం. మొత్తం మేతలో పదో వంతు మించకుండా చూసుకోండి. ఒక లోపం మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ పురుగులో కాల్షియం దాదాపు లేదు, భాస్వరం ఎక్కువ. గుడ్లు పెట్టే కోళ్లకు వీటితో పాటు ఆల్చిప్పల నూక విడిగా ఒక గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. భీమిలి ఒడ్డున ఏరుకున్నవైనా సరే, ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, ఎండబెట్టి దంచండి. వేయడానికి ఒకటి రెండు రోజుల ముందు ఆ పురుగులను కొంచెం గుడ్డు పెంకుల పొడి కలిపిన చిక్ మాష్‌లో (కోడిపిల్లల దాణా పొడి) వదిలితే ఇంకా మంచిది.

మీ లవ్‌బర్డ్స్ గింజలు తినే జాతి. పిల్లలను సాకే రోజుల్లో వారానికి ఒకటి రెండు పురుగులు చాలు, ముట్టుకోకపోతే బలవంతం చేయొద్దు. చేపలకు నోటికి పట్టేంత ముక్క కోసి, వారంలో ఒకటి రెండుసార్లు వేయమనండి. కొవ్వు ఎక్కువ కాబట్టి రోజూ వద్దు.

కోళ్ల షెడ్డులో లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) కింద నల్లటి చిన్న పెంకు పురుగులు, వాటి పిల్లలు కనబడతాయి. చూడటానికి వీటి తమ్ముళ్లలా ఉంటాయి. ఎవరైనా అవే ఏరి వేయమంటే వినకండి. అవి సాల్మొనెల్లా అనే రోగ క్రిమిని, బద్దెపురుగులను మోసుకొస్తాయి. మీ బేసిన్ల దగ్గరకు ఎలుకలు రాకూడదన్నదీ అందుకే, ఎలుకల బద్దెపురుగుకు మీల్‌వార్మ్ కూడా ఆశ్రయమిస్తుంది. ఇంట్లో బియ్యం, పిండి డబ్బాలకు కూడా వీటిని దూరంగా పెట్టండి.

మీ ఇంట్లో రొయ్యలు, పీతలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే జల్లెడ పట్టే పని వాళ్లకు ఇవ్వకండి. రొయ్యల ఎలర్జీ ఉన్నవాళ్లకు ఈ పురుగులూ పడకపోవచ్చు, ఆ దుమ్ముకు తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం రావచ్చు. మిగతావాళ్లు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట జల్లెడ పట్టండి.

ఇప్పుడు ఏరిపెట్టిన పురుగులను ఒక్కటి కూడా కోళ్లకు వేయకుండా అన్నిటినీ పెంకు పురుగులు కానివ్వండి. రోజుకు 150 కావాలంటే ఎప్పుడూ 300 పెంకు పురుగులు చేతిలో ఉండాలి. అన్ని మిగలకపోతే కొత్తవి ఇప్పుడే తెప్పించకండి. తుపాన్ల కాలం దాటి డిసెంబర్‌లో మొదలుపెట్టండి. అప్పుడు గాలి కాస్త పొడిగా ఉంటుంది, చలీ ఇబ్బంది పెట్టదు. ఏప్రిల్, మే కల్లా మీ ఇంట్లో పుట్టిన పురుగులు కోళ్లకు అందుతాయి.